వేవర్ తిరగ్గొట్టారు, మళ్లీ వేయొచ్చా?

ప్రశ్న: నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఆయన అమెరికా సిటిజన్, ఒహాయోలో ఉంటారు. 2021లో మా పెళ్లయింది, ఆయనకిది రెండో పెళ్లి. మూడేళ్ల పాప ఉంది, భీమవరంలో పుట్టింది, దానికి అమెరికా పాస్‌పోర్టు వచ్చింది. నేను 2018లో ఎంఎస్‌కని స్టూడెంట్ వీసాకి వెళ్లినప్పుడు కన్సల్టెన్సీ వాళ్లే బ్యాంకు బ్యాలెన్సు కాగితాలు తయారుచేసి ఇచ్చారు. అప్పుడు వీసా రాలేదు, అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ముంబై ఇంటర్వ్యూలో ఆ పాత కాగితాలు నకిలీవని చెప్పి, 212(ఎ)(6)(సి)(ఐ) అని, అంటే మోసంతో వీసా అడిగినవాళ్లని రానివ్వకూడదన్న సెక్షను మీద, టిక్కు పెట్టిన కాగితం చేతికిచ్చి, దాన్నుంచి మినహాయింపు కోరే వేవర్ వేసుకోమన్నారు. హైదరాబాద్‌లో ఒకాయన చేత ఐ-601 అనే ఆ వేవర్ ఫారం వేయించాం. ఏడాది మించి ఎదురుచూశాక డినయల్ వచ్చింది, మీ భర్తకి ఎక్స్‌ట్రీమ్ హార్డ్‌షిప్, అంటే తీవ్రమైన కష్టం, ఉన్నట్టు రుజువు కాలేదని. అది వచ్చి రెండు నెలలు దాటింది. అప్పీలు చేయాలా, కొత్తగా వేయాలా? మళ్లీ వేసినా అదే మాట అంటారు, డబ్బు దండగ అని మా మామగారు అంటున్నారు. పాప సిటిజనే కదా, దాని పేరు మీద వేయకూడదా? డినయల్ కాగితం, మా ఆయన రాసిన లెటరు జెరాక్సులు జతచేస్తున్నాను.
– పేరు వద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు గడువు సంగతి. అప్పీలు గానీ, కేసు మళ్లీ తెరిచి చూడమని అడిగే మోషన్ గానీ ఐ-290బి ఫారం మీద వేయాలి, నిర్ణయం వెలువడిన తేదీ నుంచి 30 రోజుల్లో, దాన్ని పోస్టులో పంపి ఉంటే 33 రోజుల్లో అది వాళ్లకి చేరాలి. మీకు రెండు నెలలు దాటింది కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అయితే టైముకే వచ్చి అడిగినా మీకు నేను అప్పీలు వద్దనే చెప్పేదాన్ని, ఎందుకంటే అప్పీలు ప్రధానంగా ఉన్న ఫైలు మీద నడుస్తుంది, చూపించిన సాక్ష్యాన్ని ఆఫీసరు సరిగ్గా తూచలేదని మనం వాదించాలి, మీ ఫైలులో తూచడానికే పెద్దగా ఏమీ లేదు.

కొత్త ఐ-601 వేయడానికి గడువు లేదు, ఇన్నిసార్లే వేయాలన్న లెక్కా లేదు. మిమ్మల్ని భార్యగా రప్పించుకోవడానికి మీ వారు వేసిన ఐ-130 పిటిషన్ అప్రూవ్ అయి ఉంది కాబట్టి అది మళ్లీ వేయక్కర్లేదు. ఫీజు మాత్రం మొదటి నుంచీ కట్టాల్సిందే. 2024 ఏప్రిల్ 1న ఫీజులు మార్చినప్పుడు ఐ-601కి 1,050 డాలర్లు చేశారు, పంపే ముందు యూఎస్‌సీఐఎస్, అంటే ఈ అర్జీలు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ, వెబ్‌సైటులో ఫీజుల పేజీ ఒకసారి చూసుకోండి, తక్కువ కడితే కట్ట మొత్తం తిప్పి పంపేస్తారు. మీ మామగారి మాటలో సగం నిజం ఉంది. అదే కట్ట మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది, డబ్బు దండగే.

జెరాక్సులు పంపడం మంచిదైంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మీ వారి లెటరు పేజీన్నర ఉంది. నా భార్య రోజూ ఏడుస్తోంది, ఊళ్లో అందరూ ఎప్పుడెళ్తావని నా భార్యను అడుగుతున్నారు, పాప ఫోనులో నాన్నా నాన్నా అంటోంది, మా అమ్మకి షుగరు పెరిగింది, ఇలా సాగింది. అన్నీ నిజాలే అయ్యుంటాయి. కానీ ఆయన తన గురించి రాసుకున్నది రెండే వాక్యాలు, ఒంటరిగా ఉంది, నిద్ర పట్టడం లేదు అని. కేసు అక్కడే పోయిందండీ. ఈ వేవర్‌లో లెక్కకి వచ్చేది మీ వారి కష్టం మాత్రమే. మీరెంత కుమిలిపోతున్నా ఆఫీసరు దాన్ని నేరుగా లెక్కలో వేయడు. క్వాలిఫయింగ్ రిలేటివ్ అని ఒక మాట ఉంది, మీరు పడ్డ సెక్షనుకి సంబంధించి దరఖాస్తు పెట్టినవాళ్ల భర్త లేదా భార్య, తల్లి లేదా తండ్రి మాత్రమే ఆ లెక్కలోకి వస్తారు, అదీ వాళ్లు అమెరికా సిటిజన్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయితేనే. మీ అమ్మానాన్నలు పాలకొల్లు దగ్గరే ఉన్నారు కాబట్టి మీకు మిగిలింది మీ వారొక్కరే. అత్తగారు ఆ లెక్కలో లేరు. పాప కూడా లేదు, అమెరికా పాస్‌పోర్టు ఉన్నా సరే. దాని పేరు మీద వేయడం కుదరదు.

అలాగని పాప సంగతి వదిలేయకండి. పాప వల్ల ఆయన మీద ఎంత బరువు పడుతోందో, పడబోతోందో చూపిస్తే అది ఆయన కష్టం కిందికి వస్తుంది. ఇప్పుడు పాపని మీరు చూసుకుంటున్నారు. రేపు బడి కోసం దాన్ని ఒహాయో పంపాల్సి వస్తే ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి ఒక్కడే మూడేళ్ల పిల్లని ఎలా పెంచుతాడు, డే కేర్‌కి నెలకి ఎంత, రాత్రి షిఫ్టు పడిన వారం ఎవరు చూస్తారు? పిల్లల పెంపకం భారం ఉన్నట్టుండి ఇలా రెండోవాళ్ల మీదికి మారిపోవడాన్ని ప్రత్యేకంగా బరువైన అంశంగా చూడాలని యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఆ ఊళ్లో రెండు డే కేర్ల నుంచి ఫీజు ఎంతో రాయించుకుని, ఆయన డ్యూటీ చార్టు పక్కన పెట్టండి.

ఇక డినయల్ కాగితం. ఇలాంటివి వచ్చినప్పుడు చాలామంది చివరి పేజీలో డినైడ్ అన్న మాట చూసి కాగితం బీరువాలో పెట్టేస్తారు. మీరు మాత్రం పెన్సిలు తీసుకుని ఒక్కో పేరా పక్కన ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయండి. నాకు మూడు కనిపించాయి. భార్యాభర్తలు దూరంగా ఉంటే బెంగ, ఖర్చు ఎవరికైనా ఉండేవే, ఇవి మామూలు ఫలితాలు అన్నారు. డిప్రెషన్ అని రాశారు గానీ డాక్టరు కాగితం లేదన్నారు. మూడోది, మీ భర్త ఇండియాలోనే పుట్టారు, అక్కడి భాష వచ్చు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చేది) ఉంది, తల్లిదండ్రులకి అక్కడ పొలం ఉంది, కాబట్టి ఆయనే వెళ్లి అక్కడ ఉండలేరని చూపించలేదు అన్నారు. రెండో అప్లికేషన్ అంటే ఈ మూడింటికీ కాగితాలతో ఇచ్చే జవాబు. అంతకుమించి కొత్త కవిత్వం అక్కర్లేదు.

మూడోదాని దగ్గర కాసేపు ఆగుదాం, మీ కేసు బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం, విచిత్రంగా దాన్నే మీవాళ్లు దాచేశారు. మీ వారికి మొదటి పెళ్లి వల్ల తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడని, రెండు వారాలకోసారి శని ఆదివారాలు తన దగ్గరే ఉంటాడని, జీతంలోంచి చైల్డ్ సపోర్టు, అంటే బాబు పోషణ ఖర్చు, కోత పడుతుందని మీరు ఉత్తరం వెనకవైపు రాశారు, 'ఈ విషయం లెటర్లో వద్దని మా అత్తగారు అన్నారు' అని కూడా రాశారు. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది, మన ఊళ్లలో రెండో సంబంధం అంటే అందరికీ చెప్పుకునే విషయం కాదు. కానీ విడాకుల డిక్రీ మీ వారు ఐ-130తోనే ఇచ్చి ఉంటారు, అది లేకుండా అప్రూవ్ చేయరు. అమెరికా వాళ్లకి తెలిసిన సంగతే, తెలియనిది ఆ బాబు వల్ల మీ వారు ఒహాయో వదిలి రాలేరన్న సంగతి. కస్టడీ ఆర్డరు పెట్టండి. బాబు స్కూలు కాగితాల్లో తండ్రి పేరు, ఫోన్ నంబరు ఉన్న పేజీ పెట్టండి. బాబు తల్లి ఒప్పుకుంటే, తండ్రి దూరమైతే పిల్లాడికి ఏమవుతుందో ఆవిడ చేత నాలుగు ముక్కలు రాయించండి, ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దు.

దీంట్లోనే ఇంకో మెలిక ఉంది. ఆయన ఇక్కడికి వచ్చేసినా ఆ కోర్టు ఆర్డరు ఆగదు, చైల్డ్ సపోర్టు డాలర్లలో కడుతూనే ఉండాలి. ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో మెషీన్ టెక్నీషియన్‌కి పాలకొల్లులోనో భీమవరంలోనో ఎంత జీతం వస్తుంది? దాంట్లోంచి డాలర్లలో ఏం పంపుతారు? బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు కొత్తది ఇవ్వరు, రెన్యువల్ చేయరు, అంటే బాబుని చూడటానికి వెళ్లడానికీ ఇబ్బందే. ఈ లెక్క ఒక పేజీలో వేసి పే స్టబ్బులు (జీతం చీటీలు) జత చేయండి. నేను చదివిన డినయల్ కాగితాల్లో 'అక్కడికి వెళ్లి బతకగలడు' అన్న మాటకి గట్టి జవాబు దొరికేది సాధారణంగా ఇలాంటి లెక్కల్లోనే.

పొలం సంగతి కూడా తేల్చండి. డెల్టాలో పొలం అంటే అక్కడి ఆఫీసరుకి ఏ జమీందారీ కనపడిందో గానీ, మీరు రాసిన ప్రకారం ఉన్నది ఎకరం ముప్పావు, అదీ మామగారి పేర, పక్కవాళ్లు రొయ్యల చెరువు తవ్వాక ఉప్పు ఊరి కౌలు కూడా తగ్గింది. పాసుపుస్తకం నకలు, కౌలు ఎంత వస్తుందో మామగారి అఫిడవిట్టు, వాటికి ఇంగ్లీషు అనువాదం పెట్టండి. ఓసీఐ ఉన్నవాళ్లు ఇండియాలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, కాబట్టి వచ్చి కొత్తగా పొలం కొని సేద్యం చేసుకుంటాడులే అనడానికీ లేదు. అనువాదం గురించి ఒక మాట. నోటరీ అక్కర్లేదు, కానీ చేసినవాళ్లు తమకి రెండు భాషలూ వచ్చని, ఇది పూర్తి, సరైన అనువాదమని రాసి సంతకం పెట్టాలి. మీ సొంతవాళ్లు కాకుండా ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు చేత చేయించండి. జెరాక్స్ షాపులో ఫోనులో పెట్టి తీసిన అనువాదాల్లో కౌలు కాస్తా అద్దె, చెరువు కాస్తా సరస్సు అయిపోతున్నాయి, మీ ఎకరం ముప్పావు పక్కన సరస్సు ఉందంటే ఆఫీసరు ఇంకేం నమ్ముతాడు.

ఇప్పుడు మొదటి రెండు పాయింట్లు. 2016 నుంచి ఉన్న విధానం ప్రకారం, భర్త అమెరికాలోనే ఉండిపోతారా, భార్య దగ్గరికి వచ్చేస్తారా అన్నది ప్రమాణపూర్వకంగా చెప్పి, అది నమ్మదగ్గట్టు ఉంటే, ఆ ఒక్క పరిస్థితిలో వచ్చే కష్టాన్ని చూపిస్తే చాలు. కస్టడీ ఆర్డరు ఉంది కాబట్టి నేను ఉండిపోతాను అనే మీ వారు రాయాలి. ఆ తర్వాత విడిగా ఉండటం వల్ల ఆయనకి ఏమవుతోందో చూపించాలి. అయినా రెండోవైపు కాగితాలు కూడా పెట్టేయమనే నేనంటాను, ఖర్చేమీ లేదు కదా.

విడిగా ఉండటం వల్ల వచ్చే కష్టం అంటే బెంగ అని రాయడం కాదు. మీ ఉత్తరంలో ఒకచోట 'ఆయనకీ షుగరు ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నారు, కిందటేడు రాత్రిపూట షుగరు పడిపోతే పక్క అపార్ట్‌మెంటు అతను చూసి అంబులెన్సు పిలిచాడు' అని రాశారు. అమ్మా, ఇంత పెద్ద విషయం ఆ పేజీన్నర లెటర్లో ఎక్కడా లేదు, అత్తగారి షుగరు మాత్రం ఉంది! ఆ రాత్రి ఎమర్జెన్సీ బిల్లు, హాస్పిటల్ డిశ్చార్జి కాగితం, ఆ పక్కింటి అతను సంతకం చేసిన స్టేట్‌మెంటు, ఆయన్ని మామూలుగా చూసే డాక్టరు నుంచి ఒక లెటరు తెచ్చుకోవాలి. ఆ లెటర్లో జబ్బు పేరు, మందులు, ఎన్నాళ్లుగా చూస్తున్నారు, రాత్రిళ్లు ఇంట్లో ఇంకో మనిషి ఉండటం ఎందుకు అవసరం అన్నవి ఉండాలి. డాక్టరు చేత వీసా ఇవ్వమని రాయించకండి, అది ఆయన పని కాదు, చదివేవాళ్లకి అనుమానం కూడా వస్తుంది. డిప్రెషన్‌కి అయితే ఒక్కసారి వెళ్లి రాయించుకొచ్చిన సైకాలజిస్టు రిపోర్టు కంటే నెలల తరబడి వైద్యం చేయించుకున్న రికార్డు బలంగా ఉంటుంది. ఇప్పటిదాకా వెళ్లకపోతే ఇప్పుడు మొదలుపెట్టడం కేసు కోసమే కాదు, ఆయన ఆరోగ్యం కోసం కూడా మంచిదే. మనవాళ్లు మగవాళ్లు దీనికి డాక్టరు దగ్గరికి వెళ్లరు, తెలుసు. మీరే పోరు పెట్టండి.

డబ్బు కూడా అంతే. రెండు కాపురాలు నడుస్తున్నాయి అని వాక్యం రాస్తే ఎవరూ చూడరు. అక్కడి అద్దె, చైల్డ్ సపోర్టు, ఇక్కడికి నెలనెలా పంపే డబ్బు రసీదులు, ప్రతి రాకకీ టికెట్లు, సెలవు లేక జీతం కోత పడిన పే స్టబ్బు. ఇవన్నీ విడివిడిగా చూస్తే మామూలువే, కలిపి చూసినప్పుడు ఎక్స్‌ట్రీమ్ అవ్వచ్చు, కలిపే చూడాలని నియమం. రుజువు కూడా క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావు లేకుండా ఉండాలని లేదు, నిజమయ్యే అవకాశం సగానికి పైగా ఉందని చూపిస్తే చాలు.

ఇక చివరిది, కొంచెం కటువుగా చెప్తున్నాను. మీ పాత అప్లికేషన్లో '2018లో ఏం జరిగిందో నాకు గుర్తులేదు' అని మీ చేత రాయించారు. హార్డ్‌షిప్ రుజువైనా కూడా ఆఫీసరు తన విచక్షణ మీద ఇవ్వచ్చు, మానచ్చు. అక్కడ చూసేది మీ నిజాయితీనే. కన్సల్టెన్సీ వాళ్లు తయారు చేశారు, అది మీకు తెలుసు, సంతకం పెట్టి పట్టుకెళ్లారు, అంతేగా? అదే రాయండి. అప్పటికి ఎంత వయసు, ఎవరు చెప్పారు, ఎంత కట్టారు, ఇప్పుడు ఏమనుకుంటున్నారు. ఒకవేళ ఆ కాగితాలు నకిలీవని మీకు నిజంగానే తెలియదంటే అది వేరే కేసు, తెలిసి చేస్తేనే ఆ సెక్షను తగులుతుంది కాబట్టి కాన్సులేటుతోనే లాయరు ద్వారా వాదించాలి. కానీ తెలిసీ తెలియదని రాస్తే పాత అబద్ధానికి కొత్తది తోడవుతుంది. మన రెండు గోదావరి జిల్లాల నుంచి వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో మూలం చాలాసార్లు ఇదే, ఎవరో తయారు చేసిచ్చిన బ్యాంకు కాగితం. ఇచ్చినవాడు బోర్డు మార్చి ఇంకో ఊళ్లో షాపు తెరుస్తాడు, పేరు మాత్రం మీ ఫైలులో జీవితాంతం ఉంటుంది, ఆ సెక్షనుకి ఇన్నేళ్లని కాలపరిమితి లేదు, వేవర్ ఒక్కటే దారి.

పాత కట్టలో ఆ హైదరాబాద్ ఆయన ఇంకేం పెట్టాడో మీ దగ్గర కాపీ లేదన్నారు. ఫైలు కాపీ కోసం సమాచార హక్కు లాంటి అమెరికా చట్టం కింద, ఎఫ్‌ఓఐఏ అంటారు, యూఎస్‌సీఐఎస్‌కి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టండి. అది చేతికొచ్చాకే కొత్తది రాయండి, రెండింటికీ పొంతన లేకపోతే కొత్త తలనొప్పి. ఈలోగా ముంబై కాన్సులేటుకి కేసు నంబరు వేసి, కొత్త వేవర్ వేస్తున్నాం, కేసు మూసేయొద్దని ఈమెయిల్ పెట్టి దాని కాపీ దాచుకోండి. ఏడాదిపాటు మీ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కేసు రద్దు చేసే నిబంధన ఉంది, అప్పుడు ఐ-130 నుంచి మళ్లీ మొదలు. వీసా కోసం చేసే మెడికల్ పరీక్ష ఇప్పుడే చేయించుకోకండి, దాని గడువు మామూలుగా ఆరు నెలలే. వేవర్ వచ్చాక కాన్సులేటు అడిగినప్పుడు చూసుకోవచ్చు, రాజమండ్రిలో ముంబై వెళ్లే ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కే పని ఎలాగూ ఇంకోసారి ఉంటుంది.

ప్రశ్న: మాది రాజోలు. మా అబ్బాయి హెచ్1బి మీద వెళ్లి ఉద్యోగం పోయాక రెండున్నరేళ్లుగా స్టేటస్ లేకుండా అమెరికాలోనే ఉన్నాడు. మా కోడలికి గ్రీన్ కార్డు ఉంది. ఐ-601ఎ అని ఏదో వేశారు, అది కొట్టేశారట. అప్పీలు లేదంటున్నారు. వచ్చే నెల వాళ్ల నాన్నగారి సంవత్సరీకం. వాడొచ్చి కార్యం చేసి, ఇక్కడి నుంచి మళ్లీ అప్లై చేసుకుంటానంటున్నాడు. రావచ్చా?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మగారూ, ఇప్పుడు రావద్దని చెప్పండి. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. ఏడాది, అంతకుమించి చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్లు అమెరికా గడప దాటిన క్షణం పదేళ్ల నిషేధం మొదలవుతుంది. 180 రోజులు దాటి ఏడాదిలోపు అయితే మూడేళ్లు. లోపల ఉన్నంతకాలం అది మొదలవదు, బయటికి అడుగు పెడితేనే. విమానం ఎక్కాక మీ అబ్బాయికి మిగిలేది ఇక్కడి నుంచి ఐ-601 వేసుకుని ఎదురుచూడటమే.

ఐ-601ఎ అంటే ఆ వేవర్‌ని అక్కడ ఉండగానే ముందుగా అడగడం. 2013లో సిటిజన్ల దగ్గరి బంధువులకి మొదలుపెట్టి, 2016లో గ్రీన్ కార్డు వాళ్ల భార్యాభర్తలు వంటివాళ్లకీ తెరిచారు. దానికి అప్పీలు లేదన్నది నిజం, మోషనూ లేదు, కానీ వీసా కేసు నడుస్తున్నంతకాలం కొత్తగా ఇంకోటి వేయచ్చు, ఫీజు 795 డాలర్లు మళ్లీ కట్టాలి. కొట్టేసిన కారణాలకి జవాబు ఉండాలన్నది పైన పాలకొల్లు అమ్మాయికి చెప్పినట్టే, ఇక్కడ చూపించాల్సింది మీ కోడలి కష్టం. మీది కాదమ్మా.

అయితే అసలు వేవరే అక్కర్లేని దారి ఒకటి ఉండచ్చు, దాని గురించి వాళ్లని ఎవరైనా అడిగారో లేదో. మీ అబ్బాయి వీసా మీద, ఇమిగ్రేషన్ వాళ్ల ముందు నుంచి నడిచి సరిగ్గా లోపలికి వెళ్లాడు. భార్య అమెరికా సిటిజన్ అయితే, అలా సరిగ్గా ప్రవేశించిన భర్త స్టేటస్ పోగొట్టుకున్నా సరే, అక్కడే ఉండి గ్రీన్ కార్డుకి అప్లై చేసుకోవచ్చు. బయటికి వెళ్లడు కాబట్టి నిషేధం తగలదు, వేవర్ అవసరం రాదు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లయితే కోడలు సిటిజన్‌షిప్‌కి వేసుకోవచ్చు, ఆ ఐదేళ్లకి మూడు నెలల ముందే అప్లికేషన్ తీసుకుంటారు. మీ కోడలికి ఎన్నేళ్లయిందో అడగండి. నాలుగు దాటితే ఇంకో వేవర్ మీద డబ్బు పెట్టే ముందు మంచి లాయరుతో గంట మాట్లాడటం మేలు. ఈలోగా మీ అబ్బాయి పోలీసు కేసులు, ట్రాఫిక్ గొడవల జోలికి పోకుండా ఉండాలి, స్టేటస్ లేని మనిషికి అక్కడ ఎప్పుడూ భద్రత లేదు, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

కార్యం సంగతి మీ పురోహితుడు గారిని అడగండి. కొడుకు దూరదేశంలో ఉంటే వేరేవాళ్ల చేత జరిపించే పద్ధతి ఆయన చెప్తారు, కోనసీమలో దుబాయ్, మస్కట్‌లలో కొడుకులున్న ఇళ్లలో ఇది కొత్త కాదు.

ప్రశ్న: వేవర్ డినయల్ వచ్చిన కేసులు గ్యారంటీగా తెప్పిస్తాం, నాలుగు లక్షలు, సగం ముందు అని కాకినాడలో ఒక ఆఫీసు వాళ్లు అంటున్నారు. నమ్మచ్చా? చెల్లి కేసు, భర్త టెక్సాస్‌లో. వాళ్ల కాగితాల్లో ఆమెకి ఇంతకు ముందు వేరే పెళ్లి గురించి ఏదో సమస్య ఉంది.
– యానాం నుంచి ఒక అన్న

జవాబు: గ్యారంటీ అన్నవాడి దగ్గర లేచి వచ్చేయండి. ఆఫీసరు విచక్షణ మీద ఇచ్చేదానికి లాయరే గ్యారంటీ ఇవ్వలేడు. ఇలాంటి కేసులో మీ తరఫున ప్రాతినిధ్యం వహించగలిగేది అమెరికాలో లైసెన్సు ఉన్న లాయరు, లేదా అమెరికా న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి. లాయరు పేరు ఏ రాష్ట్రంలో నమోదైందో అడిగి, ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి, మీ బావగారు టెక్సాస్‌లోనే ఉన్నారు కాబట్టి ఒకసారి నేరుగా వెళ్లి కలవమనండి. ఖాళీ ఫారాలు ఉచితమే, వాటికి డబ్బు అడిగితే మోసం.

రెండో విషయం మీరు తేలిగ్గా రాశారు గానీ అదే ముఖ్యం. కాగితాల్లో '204(సి)' అన్న అంకె ఉందేమో చూడండి. పాత పెళ్లి ఇమిగ్రేషన్ కోసం చేసుకున్న ఉత్తుత్తి పెళ్లని తేల్చినప్పుడు అది పడుతుంది, దానికి వేవర్ లేదు, కొత్త ఐ-130 కూడా అప్రూవ్ కాదు. నేను అమెరికా సిటిజన్‌ని అని ఎక్కడైనా అబద్ధం చెప్పారన్న ఆరోపణ ఉన్నా దాదాపు అంతే. ఆ రెండింట్లో ఏదైనా ఉంటే ఎన్నిసార్లు ఐ-601 వేసినా డబ్బే పోతుంది, ముందు ఆ తీర్పునే ప్రశ్నించాలి, దానికి పాత పెళ్లి నాటి అద్దె అగ్రిమెంట్లు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఫొటోలు, అప్పటి సాక్షులు కావాలి. చెల్లిగారి చేతిలో ఉన్న కాగితాలన్నీ వరసగా ఫొటోలు తీసి బావగారికి పంపండి, ఆ నాలుగు లక్షల్లో సగం ముందు అన్నది మాత్రం ఎవరికీ ఇవ్వకండి.